రెండో స్థానంలో పుట్టిన పాపానికి

మన పత్రికల్లో అంకెల గురించి వ్యాసం వచ్చిందంటే అందులో కనిపించేవి రెండే రెండు. ఒకటి రామానుజన్ టాక్సీ నంబరు 1729, రెండోది కాప్రేకర్ గారి 6174. వాటి మీద నాకు పగేమీ లేదు. కానీ ఎన్నిసార్లండీ? 1729 ప్రధాన సంఖ్య కూడా కాదు. 7నీ 13నీ 19నీ గుణిస్తే వచ్చేదే. అయినా దానికి టీషర్టులున్నాయి, కాఫీ కప్పులున్నాయి. నేను ఎవరి తరఫున మాట్లాడదామని కూర్చున్నానో ఆ సంఖ్యకు ఏమీ లేదు. దాని పూర్తి రూపం ఇది: 23,05,84,30,09,21,36,93,951. పందొమ్మిది అంకెలు. మన లెక్కలో ఇరవై మూడు వేల కోట్ల కోట్ల పైచిలుకు. పొట్టిగా రాస్తే 2⁶¹ − 1. అరవై ఒక్క రెండ్లను గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇది మిగులుతుంది. ఒకటీ, తానూ తప్ప దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య లేదు.

దీని నేరం ఒక్కటే. ఏనాడూ 'ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్య' అనిపించుకోలేదు. ప్రధాన సంఖ్య వార్తల్లోకి ఎక్కాలంటే రికార్డు బద్దలవ్వాల్సిందే. 2024 అక్టోబరులో లూక్ డ్యురాంట్ అనే అమెరికన్ దొరకబుచ్చుకున్నదాన్ని చూడండి. రెండుకు 13,62,79,841 ఘాతం వేసి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది; అంకెలే 4,10,24,320. లోకమంతా రాసింది, నేనూ చదివి ముచ్చటపడ్డాను. కాకపోతే ఆ నాలుగు కోట్ల అంకెలతో ఇవాళ ఎవరికీ ఒక్క పనీ జరగదు. దాన్ని వెతికిన యంత్రాల సత్తా తెలిసింది, అంతవరకే. మన పందొమ్మిది అంకెలది మాత్రం మీరు ఈ వాక్యం చదువుతున్న క్షణంలో కూడా లెక్కలేనన్ని కంప్యూటర్లలో గొడ్డు చాకిరీ చేస్తోంది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు దీనికి జరిగిన అన్యాయాల చిట్టా విప్పాలి. అది 1644లోనే మొదలైంది.

ఆ ఏడాది ఫ్రాన్సులో మారాన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఒక జాబితా ప్రకటించాడు. రెండుకు ఏ ఘాతం వేసి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందో, 257 దాకా ఆయన తేల్చినవి ఇవి: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. ఇంకేవీ లేవన్నాడు. చూశారుగా, 61 లేదు. జాబితాలో ఉన్న 67, 257 తప్పులు. లేని 61, 89, 107 ఒప్పులు. పదకొండు చెప్పి రెండు తప్పు చెప్పడం, మూడు వదిలేయడం. పరీక్షలో ఇలా రాస్తే పిల్లవాడికి ఏం పడుతుందో మనకు తెలుసు. ఆయనకు మాత్రం ఈ జాతి సంఖ్యలన్నిటికీ ఆయన పేరే పెట్టే గౌరవం దక్కింది: మెర్సెన్ ప్రధాన సంఖ్యలు. పైగా తర్వాతి కాలంలో కొందరు పెద్దలు ఆయన్ని వెనకేసుకొచ్చారు కూడా. పాపం 61 అనే రాసి ఉంటాడు, అచ్చులో 67 అయిపోయి ఉంటుంది, అన్నారు. అచ్చుతప్పని నమ్మితే ఆ అచ్చుతప్పుకు బలైపోయింది ఎవరో కూడా ఎవరైనా ఒక ముక్క చెప్పాలి కదా.

1772లో ఆయిలర్ 2³¹ − 1 ప్రధాన సంఖ్యేనని తేల్చాడు. 2,14,74,83,647. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. ఆ సంఖ్యకు గొప్పవాడి చేతి చలవ తగిలింది, ఇక తిరుగులేదు. ముప్పై రెండు బిట్లలో ఒకటి ధన, రుణ గుర్తుకు పోగా పట్టే అతి పెద్ద పూర్ణాంకం అదే కావడంతో 2014లో 'గంగ్నమ్ స్టైల్' పాటను చూసినవారి లెక్క యూట్యూబ్‌లో దాన్ని దాటినప్పుడు మళ్లీ వార్తల్లోకెక్కింది. దాని అన్నదమ్ముల్లో వెంటనే తర్వాత వచ్చేది మనదే. ఎవరైనా వాకబు చేశారా?

1811లో ఇంగ్లండులో పీటర్ బార్లో అనే గణితవేత్త ఇంకో తీర్పు ఇచ్చాడు. ఆయిలర్ తేల్చిన సంఖ్య నుంచి పుట్టే పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించి మిగతా కారణాంకాలన్నీ కూడితే తానే వచ్చేది) గురించి చెబుతూ, ఇంతకన్నా పెద్దది ఇక ఎవరూ కనుక్కోరని రాశాడు. కారణం కూడా ఆయనే చెప్పాడు: ఇవి వింతకోసం తప్ప ఉపయోగానికి పనికిరావట, కాబట్టి ఎవరూ శ్రమపడరట. తర్వాతి అంకంలో దిగబోయేదేమో ఉపయోగానికే పుట్టిన సంఖ్య. ఇంతకంటే గురి తప్పిన జోస్యం నాకు తెలిసి గణితంలో లేదు.

శ్రమపడినవాడు ఎక్కడో దొరికాడు. రష్యాలో, ఊరల్ కొండల అవతల, షాద్రిన్‌స్క్ పట్నానికి దగ్గర్లో జమరాయెవో అనే పల్లె. అక్కడి చర్చిలో అర్చకుడు ఇవాన్ మిఖేయెవిచ్ పెర్వూషిన్. 1827లో పుట్టాడు, కజాన్‌లో మతవిద్య చదువుకున్నాడు, 1860లో ఊళ్లో బడి పెట్టించాడు. పెళ్లిళ్లు, బాప్టిజాలు, అంత్యక్రియలు, మధ్యలో దొరికిన తీరిక, అందులో అంకెలు. విశ్వవిద్యాలయం లేదు, సహాయకులు లేరు, యంత్రం సంగతి సరేసరి. 1878లో ఆయన 2కు 2²³ ఘాతం వేసి ఒకటి కలిపిన ఒక రాక్షస సంఖ్యకు కారణాంకం పట్టుకున్నాడు. పాతిక లక్షల అంకెలకు పైగా ఉండే సంఖ్య అది. దాన్ని 16,77,72,161 నిశ్శేషంగా భాగిస్తుందని చూపాడు. ఐదేళ్ల తర్వాత, 1883లో, 2⁶¹ − 1 ప్రధాన సంఖ్యేనని ప్రకటించాడు.

ఆ పని ఎంతటిదో ఒక్కసారి లెక్కేసి చూడండి. మామూలు పద్ధతిలో భాగించి చూడాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 151 కోట్ల 85 లక్షల దాకా వెతకాలి. కొంత సౌలభ్యం ఉంది. ఈ సంఖ్యకు కారణాంకమంటూ ఉంటే దాన్ని 122తో భాగించినప్పుడు శేషం ఒకటే రావాలి; ఎనిమిదితో భాగిస్తే ఒకటో ఏడో రావాలి. ఈ రెండు జల్లెళ్లూ పట్టాక కూడా అరవై రెండు లక్షల దాకా సంఖ్యలు మిగులుతాయి. రోజుకు వంద భాగహారాలు చేసేవాడికి నూట డెబ్బై ఏళ్లు. అందుకే ఇలాంటి చోట భాగహారం పనికిరాదు, వేరే తర్కం పట్టాలి. తర్వాతి కాలంలో, 1930లో, లెహ్మర్ అనే గణితవేత్త మెరుగుపెట్టిన ఒక పరీక్ష ఉంది: నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి రెండు తీసెయ్యాలి. 14, 194, 37,634. ఇలా యాభై తొమ్మిది సార్లు. అంకెలు పెరిగిపోకుండా ప్రతిసారీ మన సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. చివరికి సున్నా వస్తే ప్రధాన సంఖ్య. యాభై తొమ్మిదే కదా అనుకోకండి, ఒక్కో మెట్టు మీద పందొమ్మిది అంకెల సంఖ్యను దానితోనే గుణించి, పందొమ్మిది అంకెల దానితోనే భాగించాలి, కాగితం మీద. ఒక్క అంకె జారితే మొత్తం గంగపాలు. 1887లో హ్యూడెలో అనే ఆయన ఈ సంఖ్యను మళ్లీ సరిచూడడానికి యాభై నాలుగు గంటలు పట్టింది. అంతకుముందు ఏడాది జర్మన్ సీల్‌హాఫ్ కూడా నిరూపించానన్నాడు. పుస్తకాల్లో పెర్వూషిన్ పక్కన ఈ పేర్లూ చేరాయి. పల్లెటూరి పూజారి మాట ఒక్కటే చాలదన్నట్టు!

సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ బులెటిన్‌లో ఆయన ప్రకటన మీద ఇమ్షెనెట్స్కీ, బున్యకోవ్‌స్కీ రాసిన చిన్న నోటు వచ్చేసరికి 1887. అదే ఏడాది ఆ పూజారిని మెఖోన్‌స్కోయె అనే ఇంకో పల్లెకు సాగనంపారు. గణితం కోసం కాదు లెండి, స్థానిక అధికారుల మీద ఎగతాళి వ్యాసం రాసినందుకు. 1900లో కన్నుమూశాడు.

ఇంతా చేసి ఆయన సంఖ్యకు దక్కింది రెండో స్థానం. ఏడేళ్ల ముందే, 1876లో, ఫ్రాన్సులో ఎడ్వార్డ్ ల్యూకా 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్యని చెప్పేశాడు, ముప్పై తొమ్మిది అంకెలది. కాబట్టి మనది పుట్టడమే తమ్ముడిగా పుట్టింది. 1911లో పవర్స్ అనే అమెరికన్ 2⁸⁹ − 1 తెచ్చాడు, ఆ రెండో స్థానమూ పోయింది. తర్వాత ఇంకా కిందికి.

అన్నిటికంటే మండేది ఇంకోటుంది. 1903లో న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆయన వేదికెక్కి, ఒక్క మాట మాట్లాడకుండా బోర్డు మీద 2⁶⁷ − 1 విలువ కట్టి రాశాడట. పక్కన 19,37,07,721 ని 7,61,83,82,57,287 తో గుణించాడట. రెండూ ఒకటే. వచ్చి కూర్చున్నాడు, సభంతా చప్పట్లు. ఎన్నాళ్లు పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలన్నాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మంచి కథే, కాదనను. కానీ ఆలోచించండి. 67 దొంగ సభ్యుడు. జాబితాలో తప్పుగా చేరినవాడు. ఆ దొంగను పట్టుకున్నందుకు సభ లేచి చప్పట్లు కొట్టింది. అన్యాయంగా బయట నిలబడ్డ అసలు వారసుడు 61ని లోపలికి తెచ్చినవాడికి ఒక్క చప్పట కూడా వినపడలేదు.

సరే, చరిత్రలో ఇలాంటివి మామూలే అనుకుందాం. ఇవాళ్టి సంగతి చూడండి.

హైదరాబాదులోనో విశాఖలోనో ఇంజనీరింగ్ చదువుతున్న ఏ పిల్లవాణ్నైనా పైథాన్ వచ్చా అని అడగండి, వచ్చంటాడు. ఆ భాషలో డిక్షనరీలు, సెట్లు పనిచేయడానికి ప్రతి విలువకూ ఒక హ్యాష్ కావాలి, అంటే దాన్ని ఏ అరలో పెట్టాలో చెప్పే గుర్తు. సంఖ్యల దగ్గర ఒక చిక్కుంది. 2 అనే పూర్ణాంకం, 2.0 అనే దశాంశం, నాలుగులో సగం అని రాసుకున్న భిన్నం విలువలో ఒకటే కాబట్టి వాటి హ్యాష్ కూడా ఒకటే కావాలి. లేకపోతే ఒక అరలో పెట్టిన వస్తువు కోసం ఇంకో అర వెతుక్కోవాల్సి వస్తుంది. 2011లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి, 64 బిట్ల యంత్రాల్లో పైథాన్ దీనికి పట్టుకున్న ఊతకర్ర మన సంఖ్యే. ఏ సంఖ్య ఇచ్చినా దాన్ని 2⁶¹ − 1 తో భాగించి, శేషాన్ని హ్యాష్‌గా తీసుకుంటుంది. భిన్నాలకెలా మరి? అక్కడే ప్రధాన సంఖ్య కావడం అక్కరకొస్తుంది. ప్రధాన సంఖ్యతో భాగించగా వచ్చే శేషాల్లో సున్నా తప్ప ప్రతిదానికీ విలోమం ఉంటుంది. అర అంటే ఏమిటి, రెండుతో గుణిస్తే ఒకటి వచ్చేది. 2⁶⁰ ను రెండుతో గుణిస్తే 2⁶¹. అందులోంచి మన సంఖ్యను తీసేస్తే మిగిలేది ఒకటి. అంటే ఈ లోకంలో 2⁶⁰ యే అర! పైథాన్‌లో 0.5 హ్యాష్ అడిగి చూడండి, 11,52,92,15,04,60,68,46,976 అని సరిగ్గా అదే ఇస్తుంది. మన సంఖ్యనే ఇచ్చి దాని హ్యాష్ ఎంత అని అడిగితే మాత్రం సున్నా అంటుంది. పెళ్లంతటికీ వండిన వంటవాడికి చివరి పంక్తిలో విస్తరి వేయనట్టు.

దీన్నే ఎందుకు ఎంచుకున్నారు? సొంపైన కారణముంది. బైనరీలో రాస్తే ఇది వరసగా అరవై ఒక్క ఒకట్లు, మధ్యలో సున్నా లేదు. దశాంశంలో తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషం కోసం మనం అంకెలన్నీ కూడేస్తాం కదా, ఇక్కడ కూడా అదే కిటుకు. ఎంత పెద్ద సంఖ్యనైనా అరవై ఒక్కేసి బిట్ల ముక్కలుగా కోసి కూడేస్తే సరి. భాగహారమే అక్కర్లేదు, కంప్యూటర్‌కు అన్నిటికంటే బరువైన పని అదే. పైగా 64 బిట్ల గదిలో మూడు బిట్లు ఖాళీ మిగులుతాయి, కాబట్టి రెండు మూడు శేషాలు కూడినా పొంగిపోదు. దీనికంటే చిన్న మెర్సెన్ ప్రధాన సంఖ్య 2³¹ − 1, చాలా ఇరుకు. పెద్దది 2⁸⁹ − 1, గదిలో పట్టదు. సరిగ్గా సరిపోయేది ఇదొక్కటే.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. పోటీ ప్రోగ్రామింగ్ ఆడే మన పిల్లలకు ఒక ప్రధాన సంఖ్య కంఠతా వచ్చు: 1000000007. వంద కోట్ల ఏడు. 'జవాబును మాడ్యులో 1000000007 ఇవ్వండి' అని లేని సమస్య అరుదు. దాని పలుకుబడి దేనివల్ల? 32 బిట్లలో పడుతుంది, లబ్ధం 64లో పడుతుంది, ఒప్పుకుంటాను. అన్నిటికంటే ముఖ్యం, గుర్తుంటుంది. జవాబు చెప్పడానికైతే సరే. కానీ పిల్లలు అదే సంఖ్యతో అక్షరాల వరసలకు, అంటే స్ట్రింగులకు, హ్యాష్‌లు కడుతున్నారు. లక్ష అక్షరాల రెండు వేర్వేరు స్ట్రింగులు పోల్చేటప్పుడు, హ్యాష్ కట్టడానికి వాడే ఆధార సంఖ్యను యాదృచ్ఛికంగా తీసుకున్నా, పొరపాటున ఒకటే హ్యాష్ వచ్చే అవకాశం పదివేలలో ఒకటి దాకా ఉండొచ్చు. మన సంఖ్యతో అయితే అది ఇరవై మూడు లక్షల కోట్లలో ఒకటి దాటదు. ఇంకోలా చెప్పాలంటే, వంద కోట్ల ఏడుతో ముప్పై ఏడు వేల స్ట్రింగులు పోగయ్యేసరికే ఏవో రెండు ఢీకొనే అవకాశం సగానికి వచ్చేస్తుంది. మన సంఖ్యతో ఆ స్థితి రావాలంటే దాదాపు 179 కోట్లు కావాలి. పిల్లవాడి జవాబు తప్పు వచ్చినప్పుడు వాడి తర్కం బాగానే ఉంటుంది, నమ్ముకున్న ప్రధాన సంఖ్యే ముంచి ఉంటుంది. పాపం వాడికి ఆ సంగతి తెలియదు, రాత్రంతా కోడ్ వెతుక్కుంటాడు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. పెర్వూషిన్ 1878లో పట్టుకున్న 16,77,72,161 కూడా ఈ పోటీల్లో వాడుకలో ఉంది, పెద్ద బహుపదులను వేగంగా గుణించడానికి. అది 5ను 2²⁵ తో గుణించి ఒకటి కలిపితే వచ్చే ప్రధాన సంఖ్య, అందుకే అక్కడ పనికొచ్చింది. అంటే జమరాయెవో పూజారి వెలికితీసిన రెండు సంఖ్యలూ నూట నలభై ఏళ్ల తర్వాత మన పిల్లల వేళ్ల కింద తిరుగుతున్నాయి. ఆయన పేరు మాత్రం ఒక్కడికీ తెలియదు.

దీనికి లోపాలు లేవని నేననను. ఒకటి తీసేస్తే వచ్చే 2⁶¹ − 2 ని విడగొట్టి చూడండి: 2, 3, 3, 5, 5, 7, 11, 13, 31, 41, 61, 151, 331, 1321. అన్నీ చిన్న చిన్న ముక్కలు, అన్నిటికంటే పెద్దది 1321. ఇలా పొడిపొడిగా విరిగే సంఖ్యను రహస్య సంకేతాలకు కాపలా పెడితే దొంగలు ఇట్టే దూరతారు. అసలు దానికి అరవై ఒక్క బిట్ల పొడవే చాలదు. కాబట్టి బ్యాంకు తాళాలకు ఇది పనికిరాదు. దీని పని వేరు. ఎస్‌పీఆర్‌ఎన్‌జీ అనే శాస్త్రీయ లైబ్రరీలో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే పద్ధతుల్లో ఒకటి దీని మీదే నడుస్తుంది. ఇటు ఒకటి తీస్తే చిన్న ప్రధాన సంఖ్యల కుప్ప, అటు ఒకటి కలిపితే అచ్చంగా రెండ్లు తప్ప మరేమీ లేని 2⁶¹. రెండు పక్కలా ఇంత తేటగా విడిపోయే పెద్ద ప్రధాన సంఖ్యలు అరుదు. యూక్లిడ్ నేర్పిన దారిన దీన్ని 2⁶⁰ తో గుణిస్తే ముప్పై ఏడు అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది, వరసలో తొమ్మిదోది. ఆ ఘనత కూడా ఎవరూ చెప్పుకోరు.

అవమానాలకు తోడు ఆనవాలు కూడా దక్కనివ్వడం లేదు. జావాస్క్రిప్టులో మామూలు సంఖ్యగా 2⁶¹ − 1 వేసి చూడండి. దానికి 53 బిట్లకు మించి కచ్చితత్వం లేదు, అందుకని పక్కనున్న 2⁶¹ గా మార్చేస్తుంది, చూపేటప్పుడు చివర మూడు సున్నాలు కూడా తగిలిస్తుంది. ప్రధాన సంఖ్యను తీసుకెళ్లి సరిసంఖ్య చేసింది! ఎక్సెల్ ఇంకో మెట్టు ఎక్కువ. పదిహేను అంకెల తర్వాత దానికి అక్కర్లేదు కాబట్టి చివరి 3951 ని కొట్టేసి నాలుగు సున్నాలు పెడుతుంది. ఏ గణకుడైనా ఒక మనిషి పేరును ఇలా రాస్తే కార్యాలయం చుట్టూ తిరిగి దిద్దించుకునేవాళ్లం.

నేనడిగేవి పెద్ద కోరికలు కావు. ఆరో తరగతిలో ప్రధాన సంఖ్యలు చెప్పే చోట, పదో తరగతిలో వాస్తవ సంఖ్యల పాఠం మొదట్లో, ఒక చిన్న పెట్టె కట్టి ఈ పందొమ్మిది అంకెలూ అచ్చు వేయండి, కింద పెర్వూషిన్ పేరు రాయండి. ఇంజనీరింగ్ కళాశాలల్లో ల్యాబ్ చెప్పే మాస్టార్లు మొదటి సెమిస్టర్‌లోనే నాలుగుతో మొదలుపెట్టి యాభై తొమ్మిది మెట్ల పరీక్ష పిల్లల చేత రాయించండి. పైథాన్‌లో ఐదారు లైన్లు, రెప్ప వేసేలోపు సున్నా వస్తుంది. ఆ సున్నా చూశాకైనా హ్యూడెలో యాభై నాలుగు గంటలు ఎందుకు కూర్చున్నాడో అర్థమవుతుంది. పోటీలు పెట్టే అన్నలారా, హ్యాష్ పాఠాలు రాసేటప్పుడు వంద కోట్ల ఏడును పక్కన పెట్టండి. లబ్ధం 64 బిట్లలో పట్టదన్న సాకు పాతది. 64 బిట్ల జీసీసీ కంపైలర్‌లో 128 బిట్ల పూర్ణాంకం ఎన్నేళ్ల నుంచో ఉంది. లబ్ధాన్ని అందులో వేసి, అరవై ఒకటో బిట్టు దగ్గర కోసి, రెండు ముక్కలూ కూడి, మించితే ఒకసారి తీసెయ్యడమే. ఇంకేమైనా సాకులుంటే చెప్పండి, వింటాను. గుర్తుండదు అని మాత్రం అనకండి. రెండు, అరవై ఒకటి, ఒకటి: ఈ మూడూ గుర్తుపెట్టుకోలేనివాడు పోటీకి రాకపోయినా ఫరవాలేదు.